క్రియాత్మక అజీర్తి - పేగు, మెదడుల సంబంధం: పరిశోధనాధోరణుల చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
పరీక్షల్లో ఏ లోపమూ కనిపించకపోయినా నెలల తరబడి వేధించే అజీర్తిని నేటి వైద్యశాస్త్రం ‘క్రియాత్మక అజీర్తి’ అని వ్యవహరిస్తున్నది. ఈ బాధకు మూలం కడుపులో ఉన్నదా, మనసులో ఉన్నదా అన్న ప్రశ్న చుట్టూ రెండు శతాబ్దాలుగా పరిశోధన సాగింది. 1822లో తుపాకీ దెబ్బ తిన్న ఒక కూలీ జీర్ణాశయం నుంచి 2016 నాటి రోమ్ నిర్వచనం వరకు ఈ ప్రశ్న ఎలా మారుతూ వచ్చిందో, రోగి మాటకు దక్కిన విలువ ఎలా పెరిగి తరిగిందో పరిశీలించడం, ఆ మాట తెలుగులో చెప్పవలసి వచ్చినప్పుడు ఎదురయ్యే భాషాసమస్యలను సూచించడం ఈ వ్యాసోద్దేశం.

కీలకపదాలు: అజీర్తి, అగ్నిమాంద్యం, జఠరరసం, వేగస్ నాడి, ఆంత్రిక నాడీమండలం, రోమ్ నిర్వచనాలు, ప్రశ్నావళి అనువాదం.

1. ఉపోద్ఘాతం

పైకడుపులో నొప్పి, మంట, నాలుగు ముద్దలకే ఇక సయించకపోవడం, తిన్నది గంటల తరబడి కదలక బరువుగా ఉండడం అజీర్తి ప్రధానలక్షణాలు. ఈ బాధలతో వచ్చినవారికి వైద్యులు ఎండోస్కోపీ చేయిస్తారు. అలా చేయించుకున్నవారిలో నూటికి డెబ్బైమందికి పైగా పుండు గానీ, కణితి గానీ, బాధకు కారణమని చూపదగిన మరో మార్పు గానీ కనిపించదు. అప్పుడు వినిపించే మాట ‘మీకేమీ లేదు’. చెప్పేవారి దృష్టిలో అది శుభవార్త. వినేవారికి మాత్రం అందులో ఒక అభియోగం ధ్వనిస్తుంది. లేని బాధను ఉన్నదని చెప్పుకుంటున్నారన్న అర్థం ఇంట్లోవాళ్ల చూపుల్లోకీ చేరుతుంది. ఆ తరువాత ఒక వైద్యుని నుంచి మరొక వైద్యుని దగ్గరకు తిరగడం, అవే పరీక్షలు మళ్లీ చేయించుకోవడం మొదలవుతాయి.

‘ఏమీ లేదు’ అన్న మాటకు ఒక చరిత్ర ఉన్నది. శవపరీక్షలో, సూక్ష్మదర్శినిలో కంటికి కనిపించే మార్పే రోగమన్న దృష్టి పందొమ్మిదో శతాబ్దపు ఐరోపా వైద్యంలో బలపడింది. కనిపించే మార్పు ఉంటే అవయవసంబంధి, లేకపోతే క్రియాసంబంధి అన్న విభజన అక్కడ పుట్టింది. మొదట్లో ‘క్రియాత్మకం’ అన్న పదానికి అవయవం చక్కగానే ఉండి దాని పని చెడింది అన్నదే అర్థం. కాలక్రమంలో అది ‘నిజమైన రోగం కాదు’ అన్న ఛాయను సంతరించుకున్నది. జర్మన్ వైద్యుడు విల్హెల్మ్ లాయిబె 1879లో ‘నాడీసంబంధ అజీర్తి’ని ఒక ప్రత్యేకరోగంగా వర్ణించాడు. అప్పటికే వైద్యులు జీర్ణాశయంలోకి గొట్టం వేసి పరీక్షించే పద్ధతి నేర్చారు. భోజనం తగిన సమయంలో అరిగిపోతున్నట్లే పరీక్షలో తేలినా బాధ మాత్రం తగ్గని రోగులు వారికి ఎదురయ్యారు. నేటి ఎండోస్కోపీ గదిలోని చిక్కు అప్పటిదే.

2. అగ్ని, అన్నం, మనసు

అజీర్తికి మనసుతో సంబంధం ఉన్నదన్న గమనింపు తెలుగునేలకు కొత్త కాదు. ఆయుర్వేదం జీర్ణక్రియను జఠరాగ్ని అన్న భావనతో వివరించింది. అగ్ని సమంగా, విషమంగా, తీక్ష్ణంగా, మందంగా నాలుగు తీరులుగా ఉంటుందని చెప్పి, మందాగ్ని నుంచి అజీర్ణాన్ని రాబట్టింది. చరకసంహిత విమానస్థానం రెండో అధ్యాయంలో ఆహారపు కొలతను చర్చించే సందర్భం ఒకటి ఉన్నది. హితమైన ఆహారాన్ని మితంగా తిన్నప్పటికీ చింత, శోకం, భయం, కోపం, నిద్రలేమి వంటివి దాన్ని అరగనీయవని అక్కడ స్పష్టంగా ఉన్నది. ఆంధ్రదేశపు వైద్యులు విరివిగా వాడిన బసవరాజీయం వంటి గ్రంథాల ద్వారా ఈ పరిభాష సామాన్యుల నోళ్లలోకి వచ్చింది. అగ్నిమాంద్యం, అజీర్ణం అన్న మాటలు ఇప్పటికీ పల్లెల్లో చదువుతో నిమిత్తం లేకుండా వినబడతాయి.

అయితే దీన్ని చూపి ఆధునికపరిశోధన చెప్పేదంతా ప్రాచీనులకు ముందే తెలుసుననడం పరిశోధన అనిపించుకోదు. దుఃఖంలో ఉన్నవారికి అన్నం సయించదన్నది పరిశీలన. అది ఏ నాడి ద్వారా, ఏ రసాయనం ద్వారా జరుగుతున్నదన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి శ్రద్ధగా చూసే కన్ను చాలు. రెండోదానికి ప్రయోగం కావాలి.

తెలుగు జాతీయాల సాక్ష్యాన్ని కూడా ఈ పరిమితితోనే స్వీకరించాలి. కడుపుమంట అజీర్తికీ అసూయకూ ఒకే మాట. బిడ్డను పోగొట్టుకున్న బాధ కడుపుకోత. నిశ్చింతగా బతకడమంటే కడుపులో చల్ల కదలకుండా బతకడం. ఉద్వేగాల చోటు కడుపని భాష భావించిందనడానికి ఇవి ఆధారాలే గాని, శరీరధర్మానికి ఆధారాలు కావు. కాని రోగి తన బాధను చెప్పుకునేది ఈ మాటలతోనే కాబట్టి, వ్యాసం చివర వీటి అవసరం మళ్లీ వస్తుంది.

3. తలుపు పడని కడుపు

1822 జూన్ 6న అమెరికాలో మిషిగన్ ప్రాంతంలోని మాకినాక్ ద్వీపంలో, ఉన్నితోలు వ్యాపారం చేసే కంపెనీ దుకాణంలో పొరపాటున తుపాకీ పేలింది. అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే ఫ్రెంచి కెనడియన్ యువకుడు ఎడమ పక్క పొట్టలో తీవ్రంగా గాయపడ్డాడు. అతడు కంపెనీ కోసం పడవల్లో సరుకు మోసే కూలీ. సైనికవైద్యుడు విలియం బోమాంట్ అతడు బతకడనుకున్నాడు. కాని అతడు బతికాడు. గాయం మానింది గాని, జీర్ణాశయం అంచులు పొట్ట గోడకు అతుక్కొని, బయటినుంచి లోపలికి చూడగలిగే రంధ్రం ఒకటి శాశ్వతంగా మిగిలిపోయింది.

1825 ఆగస్టు 1న బోమాంట్ ప్రయోగాలు మొదలుపెట్టాడు. మాంసం ముక్కలు, ఎండిన రొట్టె, పచ్చి క్యాబేజీ పట్టుదారానికి కట్టి ఆ రంధ్రం గుండా లోపలికి వదిలి, గంటగంటకూ బయటికి లాగి ఏది ఎంత అరిగిందో రాసుకున్నాడు. జఠరరసాన్ని బయటికి తీసి సీసాలో పోసి, వెచ్చగా ఉంచి అందులో మాంసం వేసి చూశాడు. అక్కడా మాంసం కరిగింది. జీర్ణక్రియ కేవలం నలగడమో కుళ్లడమో కాదనీ, ఒక రసాయనచర్య అనీ దీనితో బలంగా రుజువైంది. 1833లో వెలువడిన అతని గ్రంథం జీర్ణక్రియాశాస్త్రానికి పునాదుల్లో ఒకటి.

ఈ వ్యాసానికి ముఖ్యమైనది ఆ గ్రంథంలో పక్కపక్కన కనిపించే మరో గమనింపు. సెయింట్ మార్టిన్‌కు కోపం వచ్చినప్పుడు, చిరాకు పడినప్పుడు జీర్ణాశయపు లోపలి పొర రూపం మారడం, రసం ఊరడం తగ్గడం, జీర్ణాశయంలో పైత్యరసం కనిపించడం బోమాంట్ నమోదు చేశాడు. మనోవికారానికి కడుపు స్పందించడం బతికున్న మనిషిలో కళ్లతో చూసి రాసిన తొలి వైద్యసాక్ష్యాల్లో ఇది ఒకటి.

ఆ కోపం ఎందుకొచ్చిందన్న ప్రశ్న మాత్రం బోమాంట్ వేసుకోలేదు. అడగదగిన ప్రశ్న అది. ఆకలితో ఉంచడం, దారాలు లాగడం, గొట్టాలు పెట్టడం ఎవరికైనా విసుగు తెప్పించే పనులే. 1832లో వీరిద్దరి మధ్య రాతపూర్వకమైన ఒప్పందం కుదిరింది. ఏడాదికి 150 డాలర్లు, తిండి, బట్ట, వసతి ఇచ్చేటట్లు, ప్రతిగా సెయింట్ మార్టిన్ తన జీర్ణాశయాన్ని ప్రయోగాలకు అప్పగించేటట్లు అందులో రాసుకున్నారు. అతడు అంతకుముందే ఒకసారి చెప్పకుండా కెనడాకు వెళ్లిపోయాడు, పెళ్లి చేసుకున్నాడు, పేదరికం వల్ల తిరిగి వచ్చాడు. 1833 తరువాత వెళ్లినవాడు బోమాంట్ ఎన్ని ఉత్తరాలు రాసినా రాలేదు. బోమాంట్ 1853లో చనిపోయాడు. సెయింట్ మార్టిన్ మరో 27 ఏళ్లు బతికి 1880లో పోయాడు. శరీరాన్ని వైద్యులు కోరతారని తెలిసిన కుటుంబసభ్యులు అది పాడయ్యేదాకా ఇంట్లోనే ఉంచి, ఎవరూ తవ్వుకుపోకుండా ఎనిమిది అడుగుల లోతున పాతిపెట్టారు. జీర్ణాశయాన్ని ప్రదర్శనశాలలో భద్రపరచాలని ఆశించిన ప్రసిద్ధవైద్యుడు విలియం ఆస్లర్ కోరిక నెరవేరలేదు. పేగు, మెదడుల సంబంధానికి తొలి సాక్ష్యం ఒక మనిషి అయిష్టం నుంచి వచ్చిందన్న సంగతిని శాస్త్రచరిత్రలు చాలాకాలం పాదసూచికల్లోనే ఉంచాయి.

4. కుక్క, పిల్లి

రష్యన్ శాస్త్రజ్ఞుడు ఇవాన్ పావ్లోవ్ పేరు వినగానే గంట శబ్దానికి లాలాజలం కార్చే కుక్క గుర్తుకొస్తుంది. కాని 1904లో అతనికి నోబెల్ బహుమతి వచ్చింది జీర్ణగ్రంథుల మీద చేసిన కృషికి. కుక్క ఆహారవాహికను మెడ దగ్గర కోసి బయటికి తెరచి, జీర్ణాశయానికి వేరే రంధ్రం ఏర్పాటు చేశాడు. కుక్క తిన్నది మెడ దగ్గరే బయటపడుతుంది, కడుపులోకి ఒక్క ముక్క చేరదు. అయినా కొద్ది నిమిషాల్లోనే జఠరరసం ధారాళంగా ఊరింది. వేగస్ నాడులను కోసివేశాక అదే కుక్క ఎంత ఇష్టంగా తిన్నా రసం ఊరలేదు. ఆకలి, రుచి అనే మానసికస్థితులు ఏ దారిలో కడుపుకు చేరుతున్నాయో దీనితో తేలింది. కుక్కల నుంచి సేకరించిన ఆ జఠరరసాన్ని పావ్లోవ్ ప్రయోగశాల అజీర్తికి మందుగా అమ్మేది కూడా.

పావ్లోవ్ చూపింది ఆనందం పని. భయం చేసే పనిని చూపినవాడు వాల్టర్ కానన్. రాంట్‌జెన్ కిరణాలు కనుగొన్న మరుసటి ఏడాది, 1896లో, హార్వర్డ్ వైద్యవిద్యార్థిగా ఉన్న కానన్ బిస్మత్ లవణం కలిపిన ఆహారం పెట్టి పిల్లుల జీర్ణాశయం కదలికలను తెర మీద గమనించడం మొదలుపెట్టాడు. జీర్ణాశయం అలలు అలలుగా కదిలేది. కట్టివేయబడిన పిల్లి గింజుకున్నా, బెదిరినా ఆ అలలు ఒక్కసారిగా ఆగిపోయేవి. ఒళ్లు నిమిరి శాంతపరిస్తే మళ్లీ మొదలయ్యేవి. మొదట ప్రయోగానికి అడ్డంకిగా తోచిన ఈ సంగతే తరువాత అతని జీవితకాల పరిశోధనకు మూలమైంది. బాధ, ఆకలి, భయం, క్రోధాలలో శరీరంలో కలిగే మార్పులపై 1915లో అతడు రాసిన గ్రంథం ప్రసిద్ధం. ప్రమాదం ఎదురైనప్పుడు శరీరం పోరుకో పరుగుకో సిద్ధమవుతుందనీ, అప్పుడు జీర్ణక్రియ వాయిదా పడుతుందనీ అతడు ప్రతిపాదించాడు.

5. మనసు మీదికి మోపిన బరువు

ఈ ప్రయోగాలకు మానవసాక్ష్యం ఇరవయ్యో శతాబ్దం మధ్యలో న్యూయార్క్‌లో లభించింది. చిన్నతనంలో పొగలు కక్కే పులుసు మింగి ఆహారవాహిక మూసుకుపోయిన ఒక వ్యక్తి, పొట్టకు వేసిన రంధ్రం ద్వారానే ఆహారం తీసుకుంటూ బతికాడు. గ్రంథాల్లో అతని పేరు ‘టామ్’. స్టూవర్ట్ వుల్ఫ్, హెరాల్డ్ వుల్ఫ్ అనే వైద్యులు అతనికి ప్రయోగశాలలోనే ఉద్యోగం ఇచ్చి, నెలల తరబడి పరిశీలించి 1943లో గ్రంథం ప్రచురించారు. భయం, దిగులు కలిగినప్పుడు టామ్ జీర్ణాశయపు పొర పాలిపోయేది, రసం తగ్గేది. కోపం, కసి కలిగినప్పుడు ఎర్రబడి ఆమ్లం ఎక్కువగా ఊరేది. అన్ని ఉద్వేగాలూ కడుపుకు ఒకటి కావని తెలిసింది.

ఇక్కడ ఒక మలుపు ఉన్నది. ఉద్వేగం కడుపును మారుస్తుందన్న నిరూపితసత్యం నుంచి, కడుపురోగం ఉన్నదంటే ఉద్వేగమే కారణమన్న నిరూపణ లేని సిద్ధాంతానికి ఆ తరం దాటిపోయింది. షికాగోలో మనోవిశ్లేషకుడు ఫ్రాంజ్ అలెగ్జాండర్ 1950లో వెలువరించిన గ్రంథంలో పొట్ట పుండును మనోదైహికరోగాల్లో చేర్చి, ఇతరుల ఆసరా కోరే అణగిన వాంఛ దాని మూలమన్నాడు. తర్కం రీత్యా ఇది దోషం. ఎండకు చెమట పడుతుంది కాబట్టి చెమట పట్టిన ప్రతివాడూ ఎండలో నిలబడ్డాడనడం లాంటిది. కాని ఈ భావన వైద్యకళాశాలల్లోనూ జనంలోనూ నాటుకుపోయింది. పరీక్షల్లో ఏమీ దొరకనివారికి ‘టెన్షన్ తగ్గించుకోండి’ అన్న సలహా ఇవ్వడం ఆ కాలపు వారసత్వమే.

శస్త్రవైద్యులు పావ్లోవ్ పాఠాన్ని మరోలా అన్వయించారు. 1943లో లెస్టర్ డ్రాగ్‌స్టెట్ పొట్ట పుండుకు చికిత్సగా వేగస్ నాడులను కోసే పద్ధతిని ప్రవేశపెట్టాడు. ఆమ్లం తగ్గింది. అయితే జీర్ణాశయం ఖాళీ కావడం కూడా మందగించింది. అందుకోసం మరొక శస్త్రచికిత్స జోడించవలసి వచ్చింది. ఒక పనికి వేసిన తీగ అనుకున్నది పది పనులు చేస్తున్నదని ఆ విధంగా బయటపడింది.

6. బాక్టీరియా చెప్పిన తీర్పు, మిగిలిపోయినవారు

1957లో బాసిల్ హిర్షోవిట్జ్ ఒంగే గాజుతంతువులతో తయారుచేసిన గ్యాస్ట్రోస్కోపు వచ్చాక, కడుపు లోపలిని నేరుగా చూడడం సులభమైంది. పుండు ఉన్నదని అనుకొని మందులిచ్చిన ఎందరికో అసలు పుండే లేదని అప్పుడు తెలిసింది. వీరికి పెట్టిన పేరు ‘పుండు లేని అజీర్తి’. లేనిదాన్నిబట్టి పెట్టిన పేరది.

ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ పుండు ఉన్న కడుపుల్లో వంపు తిరిగిన బాక్టీరియాను గమనించారు. ప్రయోగశాలలో దాన్ని పెంచే ప్రయత్నాలు మొదట విఫలమయ్యాయి. 1982 ఈస్టర్ సెలవుల్లో రెండు రోజులకే పారవేయవలసిన పాత్రలు ఐదు రోజులు అలాగే ఉండిపోవడంతో అది పెరిగి కనిపించింది. 1984లో మార్షల్ ఆ బాక్టీరియాను తానే తాగి జబ్బు తెచ్చుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. హెలికోబాక్టర్ పైలోరీ అన్న ఈ జీవి అలెగ్జాండర్ సిద్ధాంతాన్ని కూలదోసింది. పుండు రోగుల మనస్తత్వం గురించి అర్ధశతాబ్దం పాటు రాసిందంతా పక్కకు పోయింది.

సహజంగానే పుండు లేని అజీర్తికీ ఇదే కారణమని ఆశించారు. ఆ ఆశ కొద్దిగానే ఫలించింది. బాక్టీరియాను నిర్మూలించాక కొందరికి బాధ తగ్గింది, అత్యధికులకు తగ్గలేదు. తగ్గినవారిని 2015లో ప్రచురితమైన క్యోటో ఏకాభిప్రాయనివేదిక ప్రత్యేకవర్గంగా విడదీసి, క్రియాత్మక అజీర్తి నుంచి వేరుచేసింది. ఆమ్లాన్ని తగ్గించే మందుల విషయంలోనూ ఇదే జరిగింది. పుండుకు అద్భుతంగా పనిచేసిన మందులు ఈ రోగుల్లో కొందరికే ఉపశమనమిచ్చాయి. పుండు తన రహస్యం విప్పి వెళ్లిపోగా, నూటికి డెబ్బైమంది అక్కడే మిగిలారు.

7. రోమ్: లక్షణమే ఆధారం

ఈ మిగిలినవారి కోసం వైద్యులు పద్ధతినే మార్చుకున్నారు. 1988లో రోమ్ నగరంలో జరిగిన అంతర్జాతీయ జీర్ణకోశవైద్యుల మహాసభ సందర్భంగా మొదలైన కృషి, ఆల్డో టోర్సోలి, డగ్లస్ డ్రాస్‌మన్ ప్రభృతుల చొరవతో నిపుణుల కమిటీలుగా రూపొందింది. శరీరంలో గుర్తు దొరకనప్పుడు లక్షణాలనే జాగ్రత్తగా వర్గీకరించి, వాటినే రోగనిర్ధారణకు ఆధారంగా తీసుకోవాలన్నది వీరి మూలసూత్రం. 1994లో తొలి గ్రంథం, 1999, 2006, 2016 సంవత్సరాల్లో సవరణలు వచ్చాయి. దీనికి వెనుక 1977లో జార్జ్ ఎంగెల్ ప్రతిపాదించిన జీవ-మానసిక-సామాజిక నమూనా ప్రభావం ఉన్నది.

2006 నాటి మూడో నిర్వచనం క్రియాత్మక అజీర్తిని రెండుగా విడదీసింది. తిన్న తరువాత బరువు, కొద్దిగా తినగానే నిండిపోవడం ఒక వర్గం. భోజనంతో నిమిత్తం లేకుండానూ రాగల పైకడుపు నొప్పి, మంట రెండో వర్గం. లక్షణాలు కనీసం ఆరు నెలల క్రితం మొదలై, గడచిన మూడు నెలలూ ఉండాలి. వీటిని వివరించగల మరో రోగం పరీక్షల్లో కనిపించకూడదు.

2016 నాటి నాలుగో నిర్వచనం ఈ రోగసమూహానికంతకూ ‘పేగు-మెదడు పరస్పరచర్యల రుగ్మతలు’ అని కొత్త పేరు పెట్టింది. ‘క్రియాత్మక’ అన్న పదానికి అంటుకున్న నిందను వదిలించడం అందులో ఒక ఉద్దేశం. విచిత్రమేమంటే ‘క్రియాత్మక అజీర్తి’ అన్న పేరు మాత్రం అలాగే మిగిలింది. వాడుకలో స్థిరపడిన పేరును కమిటీ తీర్మానంతో తొలగించడం ఎంత కష్టమో భాషాచరిత్ర తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

రోమ్ పద్ధతికి విమర్శకులూ ఉన్నారు. ఒకే రోగి రెండు వర్గాల్లోనూ పడడం, ఏడాది తరువాత మరో వర్గంలోకి మారడం, ఛాతీమంట, మలబద్ధకం కలిసి ఉండడం సర్వసాధారణం. గీతలు కాగితం మీద ఉన్నంత స్పష్టంగా కడుపులో ఉండవు. అయినా ఈ పద్ధతి సాధించింది తక్కువ కాదు. రోగి మాటనే రోగనిర్ధారణకు సాక్ష్యంగా స్వీకరించింది. 33 దేశాల్లో 73 వేల మందికి పైగా ప్రజలను ప్రశ్నించి 2021లో ప్రచురించిన అధ్యయనంలో, నూటికి నలభైమందికి పైగా ఈ సమూహంలోని ఏదో ఒక రుగ్మత లక్షణాలున్నట్లు తేలింది. ఇంతమందిని ‘ఏమీ లేనివారు’ అనడం ఇక సాధ్యం కాలేదు.

8. పేగులోని నాడులు, ఆంత్రమూలపు గోడ

మెదడుతో సంబంధం తెంపినా పేగు తన పని తాను చేసుకుపోగలదని 1899లోనే బేలిస్, స్టార్లింగ్ కుక్కల మీద చూపారు. ఆహారపు ముద్ద వెనుక పేగు బిగుసుకోవడం, ముందు సడలడం బయటి నాడులను కోసినా జరిగింది. 1921లో జాన్ లాంగ్లీ దీన్ని స్వతంత్రమైన ఆంత్రిక నాడీమండలంగా గుర్తించాడు. మెదడు నుంచి వచ్చే నాడీతంతువులు వేలల్లో ఉండగా పేగుగోడలోని నాడీకణాలు కోట్లలో ఉన్నాయి. ఆ తరువాత ఈ విషయం పాఠ్యపుస్తకాల నుంచి దాదాపు జారిపోయింది. 1960ల్లో మైఖేల్ గెర్షన్ పేగులో సెరటోనిన్ నాడీసందేశాలు మోస్తుందని వాదించినప్పుడు నమ్మినవారు తక్కువ. శరీరంలోని సెరటోనిన్‌లో నూటికి తొంభై పాళ్లకు పైగా పేగులోనే ఉన్నదన్నది ఇప్పుడు నిర్వివాదం. 1998లో వచ్చిన ‘రెండో మెదడు’ అన్న అతని గ్రంథనామం నానుడిగా మారింది. నానుడి కొంత అతిశయోక్తి. పేగు ఆలోచించదు. కాని వేగస్ నాడిలోని తంతువుల్లో అధికభాగం కడుపు నుంచి మెదడుకు వార్త మోసేవేనన్నది వాస్తవం.

సూక్ష్మజీవులు ఈ కథలోకి 2004లో గట్టిగా ప్రవేశించాయి. జపాన్‌లోని క్యూషు విశ్వవిద్యాలయపు పరిశోధకులు, పేగులో ఏ సూక్ష్మజీవీ లేకుండా పెంచిన ఎలుకలు ఒత్తిడికి మితిమీరి స్పందిస్తాయని చూపారు. 2011లో ఐర్లండ్‌కు చెందిన కార్క్ బృందం ఒక లాక్టోబాసిల్లస్ రకాన్ని తినిపించిన ఎలుకల్లో ఆందోళన తగ్గడం, వేగస్ నాడిని కోస్తే ఆ ఫలితం కనిపించకపోవడం ప్రకటించింది. పావ్లోవ్ కోసిన నాడినే వీరూ కోశారు. అతడు పై నుంచి కిందికి వెళ్లే సందేశాన్ని వెతికాడు, వీరు కింది నుంచి పైకి వచ్చేదాన్ని. అయితే ఎలుకల్లో తేలింది మనుషుల్లో అదే తీరున తేలలేదు. ప్రోబయాటిక్ పొట్లాల మీది ప్రకటనలు పరిశోధన కన్న చాలా ముందు నడుస్తున్నాయి.

అజీర్తికి నేరుగా సంబంధించిన ఆధారాలు మరో రెండు చోట్ల దొరికాయి. అన్నం చేరగానే జీర్ణాశయపు పైభాగం సడలి చోటివ్వాలి. క్రియాత్మక అజీర్తి ఉన్నవారిలో నూటికి నలభైమందికి ఈ సడలిక సరిగా లేదని 1998లో బెల్జియంలోని లూవెన్‌లో యాన్ టాక్ బృందం చూపింది. నాలుగు ముద్దలకే చాలనిపించడం భ్రమ కాదు, కొందరిలో కొలవదగిన మార్పు. తరువాత దృష్టి ఆంత్రమూలం మీదికి మళ్లింది. ఎండోస్కోపీలో నునుపుగా కనిపించే ఆ గోడ నుంచి తీసిన ముక్కల్లో ఇయోసినోఫిల్ కణాలు పెరిగి ఉండడాన్ని నికొలస్ టాలీ బృందం 2007లోను, గోడ బిగువు తగ్గి స్వల్పవాపు ఉండడాన్ని లూవెన్ బృందం 2014లోను ప్రకటించాయి. ‘ఏమీ లేదు’ అన్నచోట ఏదో ఉన్నది. వెతికిన సాధనం దాన్ని చూపలేకపోయింది.

మరి మనసు సంగతి? ఆస్ట్రేలియాలో సాధారణజనాన్ని 12 సంవత్సరాలు అనుసరించి 2012లో ప్రచురించిన అధ్యయనం, ఆందోళన ఉన్నవారిలో కొందరికి తరువాత పేగురుగ్మతలు రావడం, పేగురుగ్మత ఉన్నవారిలో కొందరికి తరువాత ఆందోళన రావడం రెండూ చూపింది. 2016లో అదే బృందపు మరో అధ్యయనంలో మూడింట ఒక వంతు మందిలో మనోవ్యథ ముందు, మూడింట రెండు వంతుల్లో కడుపుబాధ ముందు. బోమాంట్ నుంచి అలెగ్జాండర్ దాకా అందరూ ఒక దిశనే చూశారు. అధికసంఖ్యాకుల్లో నడక ఎదురుదిశలో ఉన్నది. తక్కువ మోతాదు అమిట్రిప్టిలిన్ పైకడుపు నొప్పి ప్రధానంగా ఉన్నవారికి మేలు చేస్తుందనీ, ఎస్సిటాలోప్రామ్ అలా చేయలేదనీ 2015 నాటి ఒక అమెరికన్ పరీక్ష తేల్చింది. రెండూ మనోవ్యాకులతకు ఇచ్చే మందులే. మనసును కుదుటపరచడమే రహస్యమైతే రెండూ పనిచేయాలి. నొప్పిని మోసే నాడుల మీద మొదటిదానికి ఉన్న ప్రభావం ఈ తేడాకు కారణం కావచ్చునని భావిస్తున్నారు. ‘మనోవ్యాధి మందు రాశారు’ అని చీటీని చింపే రోగికి ఈ ఒక్క వివరణ చెబితే చాలా తేడా ఉంటుంది.

9. తెలుగులో అడగవలసిన ప్రశ్నలు

రోగి మాటే సాక్ష్యమైనప్పుడు ఆ మాట ఏ భాషలో ఉన్నదన్నది శాస్త్రవిషయమే అవుతుంది. రోమ్ మూడో నిర్వచనపు ప్రశ్నావళిని ఆసియా ప్రజలకు తగినట్లు సవరించి, చైనీస్, హిందీ, తెలుగు, ఇండొనేషియన్, కొరియన్, థాయ్ భాషల్లోకి అనువదించి, ఆరోగ్యవంతుల మీద, రోగుల మీద పరీక్షించిన ఫలితాలు 2015లో వెలువడ్డాయి. జీర్ణకోశవైద్యుల వర్గంలో తప్ప తెలుగు భాషాపరిశోధకుల్లో దీని ప్రస్తావన కనిపించదు. అనువాదశాస్త్రానికి మాత్రం ఇది మంచి సామగ్రి.

ఇలాంటి ప్రశ్నావళిని ఒకరు లక్ష్యభాషలోకి అనువదించాక, మూలం చూడని మరొకరు తిరిగి ఇంగ్లీషులోకి తెస్తారు. రెండు పాఠాలూ కలిస్తే అనువాదం సరైనదిగా భావిస్తారు. పదాల తేడాలను ఈ పద్ధతి పట్టుకుంటుంది. పలుకుబడిలోని ఛాయలను అంతగా పట్టుకోదు. తిన్న తరువాత నిండుగా ఉండడం ఇంగ్లీషు ప్రశ్నలో ఒక బాధ. తెలుగులో ‘కడుపు నిండింది’ అన్నది తృప్తి, పెట్టినవారికి చెప్పే దీవెన లాంటి మాట. ‘కొద్దిగా తినగానే కడుపు నిండుతుందా?’ అని అడిగితే పెద్దవయసువారు దాన్ని మితభోజనానికి ప్రశంసగా తీసుకోగలరు. ‘నాలుగు ముద్దలకే ఇక సయించడం లేదా?’ అంటే బాధ బయటికి వస్తుంది. తిరుగు అనువాదంలో మాత్రం రెండు వాక్యాలూ ఇంచుమించు ఒకే ఇంగ్లీషు వాక్యంగా తేలతాయి.

‘గ్యాస్’ మరో సమస్య. ఉబ్బరం, త్రేన్పులు, పులితేపులు, ఛాతీలో మంట, అపానవాయువు, వీపులో పట్టేసినట్లుండడం వరకు అన్నింటికీ నేటి తెలుగువారు వాడే మాట ఇదొక్కటే. రోమ్ వర్గీకరణలో ఇవి నాలుగైదు వేర్వేరు రుగ్మతల కిందికి వస్తాయి. గుండెనొప్పిని కూడా ‘గ్యాసే’ అనుకొని సోడా తాగి పడుకునేవారున్నారు కాబట్టి ఈ పదపు వ్యాప్తి కేవలం నిఘంటుకారుని ఆసక్తికి పరిమితమైనది కాదు.

అన్నిటికన్న చిక్కైనది ‘కడుపు’ అన్న మాటే. జీర్ణాశయం కడుపు, పేగులున్నచోటు కడుపు, గర్భం కడుపు. ‘కడుపులో నొప్పి’ అన్న రోగి వేలు బొడ్డు చుట్టూ తిరగవచ్చు, పొత్తికడుపు మీద ఆగవచ్చు. క్రియాత్మక అజీర్తి నిర్వచనం అడిగేది రొమ్ము ఎముకకు కింద, బొడ్డుకు పైన ఉన్న చోటు గురించి మాత్రమే. ఆ చోటుకు వాడుక తెలుగులో విడిగా ఒక పేరు స్థిరపడలేదు. ‘పైకడుపు’ అన్న మాటను ఈ వ్యాసం మొదటినుంచీ వాడుతూ వచ్చినా, అది వైద్యపరిభాష నుంచి వచ్చిన మాటే. అడిగేవారు నోటితో అడిగి ఊరుకోకుండా, చెయ్యి పెట్టి చూపించమనడం ఇప్పటికి ఉన్న సులువైన మార్గం.